దిగకుండా మారే బండి

ప్రయాణంలో వుండే కష్టమంతా బండి మారడంలోనే వుంటుంది. ఈ సంగతి మగవాళ్ళకి తొందరగా తెలియదు. ఒక చేతిలో సంచీ, ఒక చంకలో పిల్లాడు, వెనకాల అత్తగారు, అత్తగారి మందుల డబ్బా, ఇన్నిటితో ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కిన ఆడవాళ్ళని అడిగి చూడండి. కూర్చోడానికి కాస్త చోటంటూ దొరికితే ఎంత దూరమైనా పోవచ్చును. ఆ కూర్చున్న చోటునుంచి లేవమన్నప్పుడే ప్రాణం వుసూరుమంటుంది.

మా చిన్నతనంలో రైలువాళ్ళు ఈ జబ్బుకి చక్కని మందు కనిపెట్టి వుంచారు. మాది కాకినాడ. మద్రాసునుంచి కలకత్తా వెళ్ళే పెద్ద లైను మా వూరు రాదు, సామర్లకోట మీదుగా పోతుంది. అంచేత మద్రాసు వెళ్ళేవాళ్ళకోసం కాకినాడలోనే బోగీ కట్టి, సామర్లకోటదాకా చిన్న బండితో లాక్కొచ్చి, అక్కడ పెద్ద బండికి తగిలించేవారు. అర్ధరాత్రివేళ ఉన్నట్టుండి ‘ధన్’ మని ఒక కుదుపు కుదిపేది. పైబల్ల మీద మేమంతా కెవ్వుమనేవాళ్ళం. “ఏం లేదర్రా, తగిలిస్తున్నారు, పడుకోండి” అనేది అమ్మ. తెల్లవారేసరికి మేం పెద్ద బండిలో వుండేవాళ్ళం. పరుపుచుట్ట విప్పింది విప్పినట్టే వుండేది, మరచెంబు పెట్టినచోటే వుండేది. తిరిగి వచ్చేటప్పుడు సామర్లకోటలో మా బోగీని కోసేవారు. పెద్ద బండి దాని దోవన అది పోయేది, మేం మా వూరు చేరేవాళ్ళం. ఆ పద్ధతిని రైల్వేవారు ఇప్పుడు చాలామటుకు వదిలేశారు. తగిలించడానికీ కోయడానికీ పట్టే సేపు, వెనకవచ్చే బండ్లన్నిటికీ అడ్డమవుతుందిట.

రైలు వదిలేసిన ఆ బోగీ ఇప్పుడు రోడ్డెక్కుతానంటోంది. పైగా దాన్ని లాగడానికి ఇంజనూ అక్కర్లేదు, నడపడానికి డ్రైవరూ అక్కర్లేదుట!

టొమాసో గెకెలిన్ అని ఒక ఇటలీ ఆయన వున్నాడు. ఆయన, ఆయన కంపెనీవాళ్ళూ కలిసి ఒక పెట్టెలాంటి బండి తయారుచేశారు. పొడవు తొమ్మిదిన్నర అడుగులు నిండా వుండదు. మన వీధిలో పాలవ్యాను కన్నా కురచ. అందులో ఆరుగురు కూర్చోవచ్చును, నలుగురు నిలబడవచ్చును. కరెంటుతో నడుస్తుంది. ఎవరి వీధిలో వాళ్ళని ఎక్కించుకుని ఒక్కొక్క పెట్టె పెద్ద రోడ్డు మీదికి వస్తుంది. అక్కడ ఒకే వైపు వెళ్ళే పెట్టెలు ఒకదాని వెనక ఒకటి చేరి, నడుస్తూ నడుస్తూనే తగులుకుంటాయి. తగులుకోగానే మధ్య తలుపులు తెరుచుకుంటాయి. నాలుగు పెట్టెలూ కలిసి ఒక పొడుగాటి బస్సవుతుంది. ఎవరి మలుపు వచ్చినప్పుడు వాళ్ళ పెట్టె విడివడి వాళ్ళ వీధిలోకి తిరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో దుబాయి రవాణాశాఖవారు ఈ పెట్టెల్ని తెప్పించి నడిపించి చూశారు. ఆ బొమ్మలు చూడగానే నాకు సామర్లకోట కుదుపు గుర్తుకొచ్చింది.

ఈ వయస్సులో యంత్రాల గొడవ నీకెందుకని మావారు అడిగారు. ఎందుకో చెబుతాను.

మేముండేది మల్కాజిగిరిలో. మా అక్కయ్య వుండేది కూకట్‌పల్లి హౌసింగుబోర్డు కాలనీలో. ఒకే వూరని పేరేగాని, అక్కయ్య నాకు కాకినాడకన్నా దూరం. మూడేళ్ళ కిందట అది స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషనయింది. అప్పట్నుంచి నాలుగుకాళ్ళ చట్రం పట్టుకుని గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి నడుస్తుంది. అది రాలేదు గనుక నేనే వెళ్ళాలి. నాకు అరవై ఎనిమిది. మోకాళ్ళు వానాకాలం కబురు వాతావరణశాఖకన్నా ముందు చెబుతున్నాయి.

ఇంటినుంచి షేరాటో ఎక్కి మెట్టుగూడ వెళ్ళాలి. అక్కడ మెట్రో. ఈ మెట్రో 2017 నవంబరులో వచ్చింది. బండి మటుకు చల్లగా, హాయిగా వుంటుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కాని అమీరుపేటలో దిగి బండి మారాలి. అక్కడ పొద్దుటిపూట ఒక అంతస్తునుంచి ఇంకో అంతస్తుకి వెళ్ళే జనం, గోదావరి పుష్కరాల జనం ఒక్కటే. రెండో బండిలో కాలనీ స్టేషనుదాకా పోయి, కిందికి దిగి, మళ్ళీ ఆటో. మొత్తం నాలుగు బండ్లు, మూడు మార్పులు. పోనీ బస్సు మీద వెడదామా అంటే, 2023 డిసెంబరు 9నుంచి తెలంగాణాలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం. ఆధారుకార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు చింపి ఇస్తాడు. కాని సికిందరాబాదులో మారాలి. అక్కడ ఒక బస్సు ఆగేచోట రెండో బస్సు ఆగదు. డబ్బు ఖర్చు తప్పిందిగాని నడక తప్పలేదు.

పదిహేనురోజులకోసారి వెళ్ళేదాన్ని, నెలకోసారి వెడుతున్నాను. ఇలాగే రెండు నెలలకోసారి అవుతుంది. ఆ తరవాత టెలిఫోనులో మొహాలు చూసుకుంటాం. అందుకండీ నాకు ఈ పెట్టెల గొడవ!

మా వీధి చివర పెట్టె ఎక్కి కూచుంటే, అది తార్నాక వైపునుంచి వచ్చే వాటితో కలిసి, అమీరుపేట దగ్గర కొన్నిటిని వదిలి, కొన్నిటిని కలుపుకుని, ఆఖరికి అక్కయ్య ఇంటి మలుపులో నన్ను దింపుతుందనుకోండి. చేతిలో చింతకాయ పచ్చడి సీసా తొణక్కుండా వెళ్ళవచ్చును. వినడానికి ఇంత బాగుందిగదా. అయితే నేను తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే ఇందులో ఒక మెలిక కనిపించింది.

పెట్టెలో పదిమంది వుంటారు. పదిమందీ అక్కయ్య ఇంటికి రారు గదా! ఆ ఇటలీ ఆయన దీనికీ ఒక వుపాయం చెప్పాడు. పెట్టెలు కలిసి వున్నంతసేపూ మధ్య తలుపులు తెరిచి వుంటాయి గనుక, కూకట్‌పల్లి వెళ్ళేవాళ్ళు కూకట్‌పల్లి పెట్టెలోకి, మియాపూరు వెళ్ళేవాళ్ళు మియాపూరు పెట్టెలోకి లోపల్లోపలే నడిచి వెళ్ళాలి. అంటే మారడం పోలేదన్నమాట! రోడ్డు మీదనుంచి బండిలోపలికి వచ్చిందంతే. పైగా నడుస్తున్న బండిలో మారాలి. మోకాళ్ళ నెప్పులదాన్ని నేనైతే కమ్మీ పట్టుకుని ఎలాగో వెడతాను. అక్కయ్య నాలుగుకాళ్ళ చట్రంతో వెళ్ళగలదా? అంచేత అటువంటివాళ్ళు కూర్చున్న పెట్టె కదలకుండా వాళ్ళ వీధికే పోవాలి, కాళ్ళు బాగున్నవాళ్ళు మారాలి. ఈ ఏర్పాటు యంత్రానికి కష్టమేమీ కాదు. ఎవరిదగ్గర చట్రం వుందో, ఎవరి చంకలో పిల్లవాడున్నాడో ముందు దానికి చెప్పాలి. చెప్పే మనిషికి గుర్తుండాలి.

డ్రైవరులేని బండి నాకు బొమ్మల్లో చూసిన వింత మాత్రమే కాదు. 2024 ఎండాకాలంలో మా పెద్దవాడు మమ్మల్ని శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకువెళ్ళాడు. ఆ వూళ్ళో వేమో అనే కంపెనీ కార్లు డ్రైవర్లు లేకుండా కిరాయికి తిరుగుతాయి. సరిగ్గా మేం వెళ్ళిన ఏడు జూనులోనే, పేరు రాయించుకుని వరసలో వేచివుండే పని లేకుండా అందరికీ తెరిచారు. మావాడు టెలిఫోనులో పిలిచాడు. తెల్లకారు ఒకటి మా గుమ్మం ముందు ఆగింది. నెత్తిమీద బోర్లించిన చెంబులాంటిది ఒకటి, ముందూ వెనకా బుడిపెలు. మేం వెనక కూర్చుని బెల్టులు పెట్టుకున్నాం. మీట నొక్కగానే బయల్దేరింది. ముందుసీటులో ఎవరూ లేరు. చక్రం దానంతట అది కుడికీ ఎడమకీ తిరుగుతోంది. మావారు కాసేపు చూసి, చెప్పులు విడిచి, ఖాళీసీటుకి నమస్కారం పెట్టారు. “ఎవరికండీ?” అన్నాను. “ఎవరైనా సరే, వుంటే సంతోషిస్తారు” అన్నారు.

ఆ చెంబు ఎలా చూస్తుందో మావాడు చెప్పాడు. కంటికి కనిపించని వెలుగుకిరణాల్ని అది అన్నివైపులా విసురుతుంది. అవి గోడకో మనిషికో తగిలి వెనక్కి వచ్చేందుకు ఎంతసేపు పట్టిందో లెక్కకట్టి ఎంత దూరంలో ఏముందో తెలుసుకుంటుంది. గబ్బిలం అరుపుతో చేసే పనిని ఇది వెలుగుతో చేస్తుంది. దానికితోడు కెమెరాలు రంగులు చూస్తాయి, రాడారు ఎదటివాడి వేగం చూస్తుంది. ఆ వూరి వీధులన్నీ గీతలతోసహా ముందే దానికి కంఠతా వచ్చు. ఇన్ని వున్నా ఎక్కడైనా దిక్కుతోచకపోతే దూరంగా ఆఫీసులో కూర్చున్న మనిషిని సలహా అడుగుతుందిట. ఈ మాట విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. మనిషి పూర్తిగా పోలేదు, కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

బండి మటుకు బుద్ధిగానే నడిచింది. అడ్డదారిలో దూరలేదు, ఎవర్నీ తిట్టలేదు, దాటేవాళ్ళకోసం ఆగింది. మావాడు ఆఫీసుకి వెళ్ళాక కూడా రెండుసార్లు నన్ను ఒక్కదాన్నే లైబ్రరీకి పంపించాడు. కారు నడపడం రాని ముసలాళ్ళకి ఆ దేశంలో ఇంటి గుమ్మమే సరిహద్దు. మన తెలుగువాళ్ళు ఎంతమందో అక్కడ కిటికీలోంచి మేపులు చెట్లు చూస్తూ ఆరునెలలు గడిపి వస్తారు. అటువంటివాళ్ళకి ఈ బండి ఎంత వుపకారమో నేను కళ్ళారా చూశాను.

కాని ఆ కారులో నేనొక్కదాన్నే కూర్చుని వెడుతూవుంటే ఇంకో సంగతి కూడా కనిపించింది. ముందు కారులో ఒకడు, వెనక కారులో ఒకడు, పక్క కారు బొత్తిగా ఖాళీ. ఎవర్నో తీసుకురావడానికి వట్టిది పోతోంది. మన కార్లలో కనీసం డ్రైవరన్నా వుంటాడు. ఇక్కడ ఎవరూ లేకుండానే రోడ్డు నిండిపోవచ్చును! అదే వీధిలో ఘంట గణగణమనిపిస్తూ తాడు బండి ఎదురొచ్చింది. అది 1873నుంచీ ఆ వూరి గుట్టలమీద నడుస్తోంది. నేలకింద పరిగెత్తే ఇనపతాడుని పట్టుకునే మీట దగ్గర ఒక మనిషి, టిక్కెట్లకి కండక్టరు, లోపలా బయటా కమ్మీలు పట్టుకుని వేళ్ళాడే జనం. నూటయాభై ఏళ్ళ ముసలి బండి అంతమందిని మోస్తోంది. కొత్త బండి నన్నొక్కదాన్ని మోస్తోంది.

ఒక చిన్న లెక్క. నలభైమంది ఒక బస్సెక్కితే నలభై అడుగుల రోడ్డు పడుతుంది. ఆ నలభైమందీ తలో కారు ఎక్కితే, మధ్య ఖాళీ లేకుండా ఆనించి పెట్టినా ఆరువందల అడుగులు కావాలి. డ్రైవరుని తీసేసినంతమాత్రాన కారు కురచ కాదు గదా. అందుకే నాకు ఆ ఇటలీ పెట్టె మీద మనసు. నాలుగు పెట్టెలు కలిస్తే ముప్ఫయ్యెనిమిది అడుగులు, నలభైమంది. లెక్క బస్సుతో సరిపోయింది. అయితే బస్సుకి ఒక్క ఇంజను, ఒక డ్రైవరు, రెండు కళ్ళు. ఇక్కడ నాలుగు పెట్టెలకీ నాలుగు మోటార్లు, నాలుగు బ్యాటరీలు, నాలుగు చెంబులు. అమెరికాలో డ్రైవరు జీతం ఎక్కువ గనుక ఆ ఖర్చు కలిసి వస్తుందేమో. మనదేశంలో మనిషే చవక. మన వూళ్ళో ఇది తొందరగా రాదేమోనని నా అనుమానం మొదలయింది అక్కడే.

ప్రమాదం మాట కూడా చెప్పాలి. అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023 అక్టోబరు 2న ఒకావిడ రోడ్డు దాటుతూవుంటే మనిషి నడిపే కారొకటి గుద్దింది. ఆవిడ ఎగిరి పక్కన వస్తున్న డ్రైవరులేని కారు ముందు పడింది. అది క్రూజ్ అనే మరో కంపెనీది. వెంటనే బ్రేకు వేసుకుంది, ఆగింది. అంతవరకు తప్పేమీ లేదు. ఆగాక, దారికి అడ్డం లేకుండా పక్కకి తప్పుకోవాలన్న పాఠం దానికి గుర్తొచ్చింది. కిందపడ్డ మనిషితోసహా ఇరవై అడుగులు పక్కకి జరిగింది. ఆవిడ బతికిందిగాని, ఘోరంగా దెబ్బలు తగిలాయి. కాలిఫోర్నియా ప్రభుత్వం ఆ కార్ల లైసెన్సు ఆపేసింది. 2024 డిసెంబరులో అసలు కంపెనీవాళ్ళు ఆ కిరాయికార్ల పనికి డబ్బు పెట్టడమే మానేశారు. ఎంత తాగుబోతు డ్రైవరైనా కేక విని కిందికి వంగి చూసేవాడని నాకు అనిపించింది. మరి తాగుబోతు డ్రైవర్లు మనదేశంలో ఏటా ఎంతమందిని చంపుతున్నారని మావాడు అడిగాడు. దానికి నాదగ్గర సమాధానం లేదు. రెండూ నిజమే.

డ్రైవరు లేకుండా బండి నడవడం మటుకు నిన్నా మొన్నా పుట్టిన వింత కాదు. అమెరికాలోనే వెస్టు వర్జీనియాలో మోర్గన్‌టౌన్ అనే వూరుంది. అక్కడ యూనివర్సిటీ పిల్లలకోసం 1975నుంచి చిన్న చిన్న పెట్టెలు నడుస్తున్నాయి. ఎనిమిది సీట్లు, నిలబడేవాళ్ళతో కలిపి ఇరవైమంది, అయిదు స్టేషన్లు. బొత్తం నొక్కితే మధ్యలో ఎక్కడా ఆగకుండా మనం అడిగిన స్టేషనుకే పోతుంది. మన ఢిల్లీ మెట్రోలో ఒక లైను మీద 2020 డిసెంబరునుంచి డ్రైవరులేని రైలు నడుస్తోంది. వీటికి దారి వేరే వుంది, ఎవరూ అడ్డం రారు. మన మల్కాజిగిరి వీధిలోకి రమ్మనండి చూద్దాం! గేదె, గేదె పక్కన కుర్రాడు, ఎదురుగా వన్‌వేలో తప్పుదారిన వచ్చే పెద్దమనిషి, పెళ్ళి వూరేగింపు. వెలుగుకిరణాలు విసిరి విసిరి పాపం ఆ చెంబుకి నీరసం వస్తుంది.

ఇంతకీ నన్ను రాత్రిళ్ళు నిద్రపట్టనీయకుండా చేసే సంగతి ఇంకా చెప్పనేలేదు. మా అక్కయ్య కొడుకు డ్రైవరు. అదీ ఎక్కడనుకున్నారు? దుబాయిలో!

మా బావగారు ఆర్.టి.సి.లో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి సంస్థ అంటే ప్రాణం. 1932లో నిజాంగారి రైల్వేవారు ఇరవైయేడు బస్సులతో, నూటఅరవైఆరుమంది నౌకర్లతో మొదలుపెట్టిన సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఎన్నోసారో చెప్పినప్పుడు నేను వేళ్ళమీద లెక్కపెట్టి, “అంటే బస్సుకి ఆరుగురన్నమాట, బావగారూ” అన్నాను. ఆయన చాలా సంతోషించి, ఆ పూటనుంచీ ఆ ముక్క కూడా కలిపి చెప్పడం మొదలుపెట్టారు. ఏ ముసలమ్మ ఏ స్టాపులో దిగుతుందో ఆయనకి తెలుసు. దిగేదాకా రైట్ అనేవారు కాదు. ఇప్పుడు చాలా బస్సుల్లో డ్రైవరే టిక్కెట్లు కొట్టి డ్రైవరే నడుపుతున్నాడు. ఆరుగురు ఒకరయ్యారు. ఈ పెట్టెలొస్తే ఆ ఒకడూ వుండడు.

ఆయన కొడుకు లారీ మీద నేర్చుకుని, దుబాయి వెళ్ళి, అక్కడ పద్నాలుగేళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. అక్కయ్య ఆపరేషను ఖర్చు వాడిదే. ఇంటి అప్పు తీర్చిందీ వాడే. 2018లో ఆ పెట్టెల ప్రయోగం జరిగినప్పుడు వాడు ఆ వూళ్ళోనే వున్నాడు. “పదిమంది పట్టే పెట్టె పిన్నీ, గాజుల బీరువాలాగ వుంది” అని ఫోనులో నవ్వాడు. ఇప్పుడు నవ్వడంలేదు. 2030కల్లా తమ వూరి ప్రయాణాల్లో నాలుగోవంతు డ్రైవరులేని బండ్లమీదే జరగాలని అక్కడి ప్రభుత్వం ఎప్పుడో 2016లోనే నిర్ణయించుకుంది. ఆ నాలుగోవంతులో తన బండి వుందో లేదో వాడికి తెలియదు.

“రాత్రి షిఫ్టువాళ్ళు నా బస్సులో నిద్రపోతారు పిన్నీ. మలయాళీలు, బంగ్లావాళ్ళు, మనవాళ్ళు. వాళ్ళ స్టాపు రాగానే అద్దంలో చూసి కేకేస్తాను. కొందరికి కేక చాలదు, లేచి వెళ్ళి భుజం తట్టాలి. ఆ పెట్టె ఎవర్ని తడుతుంది?” అన్నాడు మొన్న.

“గంట కొడుతుందేమోరా” అన్నాను.

“పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడు గంటకి లేస్తాడా?”

నాకు మాట తోచలేదు. అలాగని వాడి బతుకు పూలపాన్పని చెప్పను. నడుము పట్టేసింది. కూతురు మొదటి అడుగులు వేస్తే ఫోనులో చూశాడు, ఇప్పుడా పిల్ల పది పరీక్షకి వెడుతోంది. ఈ పని ఇంకెన్నేళ్ళు చేస్తావురా అంటే, పిల్ల చదువు అయ్యేదాకా అంటాడు. యంత్రం వచ్చి వాణ్ణి ఇంటికి పంపిస్తే అక్కయ్య సంతోషిస్తుందా, ఏడుస్తుందా? రెండూ చేస్తుందనుకుంటాను. నేను అక్కయ్యని చూడ్డానికి ఏ బండి రావాలని కోరుకుంటున్నానో, ఆ బండే అక్కయ్య కొడుకు నోటిదగ్గర కూడు తీసేలా వుంది. ఈ రెంటినీ ఒక గాటికి కట్టడం నావల్ల కావడంలేదు.

కేంద్ర రవాణామంత్రి గడ్కరీగారు 2017లోనూ, మళ్ళీ 2023లోనూ, డ్రైవర్ల వుద్యోగాలు పోతాయి గనుక మనదేశంలోకి అటువంటి కార్లని రానివ్వనని చెప్పారు. ఆ మాట విని నేను సంతోషించాను, వెంటనే మోకాళ్ళు నొప్పెట్టాయి. ఈలోపల సంగారెడ్డి దగ్గర కందిలో వున్న ఐ.ఐ.టి.వాళ్ళు ఆ విద్యకోసం ప్రత్యేకంగా రోడ్లు వేసుకుని, 2022లో పరీక్షలు మొదలుపెట్టారు. వాళ్ళ ఆవరణలో ఆరు సీట్లదీ, పధ్నాలుగు సీట్లదీ డ్రైవరులేని చిన్న బస్సులు పిల్లల్ని తిప్పుతున్నాయి. మన రోడ్లకి, మన గేదెలకి తగిన కళ్ళు తయారుచేయడమే వాళ్ళ పని. అంచేత రాదని గుండెమీద చెయ్యివేసుకుని పడుకోడానికి లేదు. వస్తుంది. ఎవరిదై వస్తుందన్నదే నా బెంగ.

నన్నెవరూ అడగలేదుగాని, అడిగితే ఇలా చెబుతాను. కార్లుగా రానివ్వవద్దు. బస్సుగా రానివ్వండి. ఆర్.టి.సి.వారే తెచ్చి, ముందు చిన్న వీధుల్లో, పెద్ద బస్సు దూరని చోట నడపండి. మా వీధి మొదలు అక్కయ్య వీధిదాకా ఒకే టిక్కెట్టు ఇవ్వండి. డ్రైవరు సీటు తీసేస్తే తీసేయండిగాని, పెట్టెలు నాలుగూ కలిసినచోట ఒక మనిషిని వుంచండి. చట్రం పట్టుకున్నవాళ్ళని కూర్చోబెట్టడానికి, నిద్రపోయేవాణ్ణి లేపడానికి, దిగేదాకా రైట్ అనకుండా వుండడానికి. ఇప్పుడు నడిపేవాళ్ళకే ఆ పని ఇవ్వండి. జీతం ఖర్చు మిగలకపోతే యంత్రం ఎందుకంటారు. మా నాలుగు బండ్లూ మూడు మార్పులూ మిగులుతాయి, అది చాలదా?

మావారు ఇది చదివి, “నీ మాట ఎవరు వింటారు?” అన్నారు. నలభైనాలుగేళ్ళనుంచి ఆయన వినడంలేదు, అయినా చెప్పడం మానానా?

మొన్న వెళ్ళినప్పుడు అక్కయ్యకి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఇటలీ ఆయన సంగతి, వెలుగుకిరణాల సంగతి, సామర్లకోట సంగతి. వసారాలో కూర్చుని, చట్రం మీద గడ్డం ఆనించి, వూఁ కొడుతూ అంతా విన్నది. అమ్మ ‘తగిలిస్తున్నారు, పడుకోండి’ అనేది గుర్తుందా అంటే, గుర్తుందన్నది. నీకు గుర్తులేనిది కూడా వుంది, ఆ రాత్రి నువ్వు పైబల్ల మీంచి నామీద పడ్డావన్నది. తరవాత రెండు ప్రశ్నలు వేసింది.

“ఆ పెట్టెకి మెట్టు ఎంత ఎత్తుంటుందే?”

నేలకి దగ్గరగానే వుంటుంది, ఇంత, అని జానెడు చూపించాను. ఆ జానని అది తన కాలితో కొలుచుకున్నట్టు చూసింది.

“మరి మనవాడి లైసెన్సు ఇక్కడ చెల్లుతుందా?”

కాఫీ చల్లారిపోతోందని లోపలికి వెళ్ళాను.